నీడలో లిల్లీ: ఆకు చెప్పేది ఒకటి, గడ్డ చెప్పేది మరొకటి

లిల్లీ గడ్డను దట్టమైన నీడలో నాటినవారికి మొదటి ఏడాది సంతోషంగానే ఉంటుంది. ఎండలో పెరిగిన మొక్క కంటే అది జానెడు ఎత్తు ఎక్కువ ఉంటుంది, ఆకులు వెడల్పుగా, ముదురు పచ్చగా నిగనిగలాడతాయి, మాడిన అంచు ఒక్కటీ కనిపించదు, పూలు కూడా రావలసినన్ని వస్తాయి. నీడ దానికి బాగా పడిందనే ఎవరైనా అనుకుంటారు. రెండో ఏడాది కాండం సన్నబడుతుంది, ఐదారు మొగ్గలు తొడిగిన మొక్క రెండింటికి దిగుతుంది. మూడో ఏడాది ఆకులు తప్ప మరేమీ రాకపోవచ్చు. అప్పుడు గడ్డ నాసిరకమనో, ఎరువు చాలలేదనో అనుకుంటారు గానీ, మొదటి ఏడాది పచ్చదనాన్ని ఎవరూ అనుమానించరు. నీడలో ఏపుగా ఎదిగిన లిల్లీ చాలాసార్లు పైన పటారం, లోన లొటారమే. అలాగని నీడ లిల్లీకి శత్రువు కూడా కాదు. కొన్ని రకాలకు కొంత నీడ లేకపోతే ఆకు మాడుతుంది, రేకు వెలిసిపోతుంది. ఎంత నీడ, ఎలాంటి నీడ, ఏ వేళ నీడ, ఏ రకానికి నీడ అనే నాలుగు ప్రశ్నలను విడదీయకుండా నీడ మంచిదా చెడ్డదా అని అడిగితే సరైన జవాబు దొరకదు.

ముందుగా పేరు విషయంలో ఒక స్పష్టత అవసరం. తెలుగులో లిల్లీ అంటే చాలామందికి గుర్తొచ్చేది దండల్లో గుచ్చే తెల్లటి సువాసన పువ్వు. అది ట్యూబ్‌రోజ్, నేలసంపెంగ. ఇంట్లో కుండీల్లో పెంచే పీస్ లిల్లీ చేమదుంప కుటుంబానికి చెందినది, అడవిలో చెట్ల కింద నేలనంటి పెరిగే జాతి కాబట్టి తక్కువ వెలుతురులోనూ బతుకుతుంది. డే లిల్లీ వేరు, స్పైడర్ లిల్లీ వేరు, కలువను వాటర్ లిల్లీ అనడం సంగతి చెప్పనే అక్కరలేదు. ఈ వ్యాసంలో లిల్లీ అంటే లిలియమ్ ప్రజాతి మాత్రమే: ఉత్తరార్ధగోళపు సమశీతల ప్రాంతాల్లో సుమారు వంద జాతులుగా విస్తరించినది, పొలుసులు పేర్చినట్టుండే గడ్డ నుంచి ఒకే నిటారు కాండం వేసి, దాని చివర పెద్ద పూలు పూసేది. పీస్ లిల్లీకి చెప్పిన నీడ సలహాను పేరులో పోలిక చూసి దీనికి పాటించడం వల్ల పాడైన గడ్డలు తక్కువేమీ కాదు.

ఇక వెలుతురు లెక్కకు వద్దాం. ఆకుకు పనికొచ్చేది 400 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతి. చదరపు మీటరు వైశాల్యం మీద సెకనుకు ఎన్ని మైక్రోమోళ్ల కాంతికణాలు పడుతున్నాయన్నదే మొక్కల శాస్త్రంలో దాని కొలత. మబ్బు లేని మిట్టమధ్యాహ్నపు ఎండలో అది సుమారు 2000 ఉంటుంది. పూర్తి చీకటిలో ఆకు ఊపిరి మాత్రమే తీసుకుంటుంది, అంటే నిల్వ చక్కెరను ఖర్చు చేస్తూ బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. వెలుతురు కొద్దికొద్దిగా పెంచుతూ పోతే ఒక దశలో కిరణజన్య సంయోగక్రియ ద్వారా వచ్చేదీ శ్వాసక్రియలో పోయేదీ సరిసమానమవుతాయి. దీన్ని కాంతి పరిహార స్థానం అంటారు. అక్కడ ఆకు బతికి ఉంటుంది గానీ మొక్కకు ఒక్క పైసా సంపాదించి పెట్టదు. అక్కడి నుంచి పైకి ఆదాయం వెలుతురుతోపాటు దాదాపు సమానంగా పెరుగుతుంది, తర్వాత వేగం తగ్గుతుంది, చివరికి ఎంత వెలుతురు కుమ్మరించినా పెరగని స్థితి వస్తుంది. అది కాంతి సంతృప్త స్థానం. లిల్లీ చాలా మొక్కల్లాగే సీ3 మార్గంలో కర్బనాన్ని స్థిరీకరిస్తుంది, అంటే గాలిలోని బొగ్గుపులుసు వాయువును అత్యధిక మొక్కలు వాడే మామూలు పద్ధతిలోనే చక్కెరగా కడుతుంది. ఇలాంటి మొక్కల్లో విడి ఆకు సాధారణంగా పూర్తి ఎండలో పావు నుంచి సగం వంతు వెలుతురు దగ్గరే సంతృప్తి చెందుతుంది. ఆపైన పడే వెలుతురును ఆకు వాడుకోలేదు, ఏదో విధంగా వదిలించుకోవాలి.

ఈ ఒక్క విషయం తెలిసిన తర్వాత చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఆకు 800 దగ్గర సంతృప్తి పడుతుందనుకుందాం. సగం వెలుతురును ఆపే 50 శాతం షేడ్ నెట్ (నీడ వల) కింద మధ్యాహ్నం 2000 కాస్తా 1000 అవుతుంది, అయినా 800 కంటే ఎక్కువే, కాబట్టి నెట్ వల్ల నష్టమేమీ లేదని తీర్మానిస్తారు. ఆ గంటకు ఆ మాట నిజమే. కానీ నెట్ మధ్యాహ్నం మాత్రమే ఉండదు కదా. పొద్దున్నే వెలుతురు 200 ఉన్నప్పుడు అదే నెట్ దాన్ని 100 చేస్తుంది. ఆ స్థాయిలో ఆదాయం వెలుతురుతోపాటే తగ్గుతుంది, శ్వాసక్రియ ఖర్చు మాత్రం తగ్గదు, కాబట్టి మిగిలే నికర లాభం సగానికంటే ఎక్కువే కోసుకుపోతుంది. మబ్బు పట్టిన రోజున మధ్యాహ్నం 400 ఉంటే 200 అవుతుంది. అంటే స్థిరంగా కప్పిన నెట్ వెలుతురు మిగులుగా ఉన్నప్పుడు మొక్కకు మేలు చేసి, వెలుతురు కరువైనప్పుడు ఉన్నదాంట్లోంచే లాక్కుంటుంది. అందుకే కదిలించగల నెట్ ఉన్నవారు ఎండ ముదిరిన నాలుగైదు గంటలు మాత్రమే దాన్ని పరిచి, మిగతా వేళల్లో చుట్టి పెడతారు. నెట్ శాతం గురించి జరిగే చర్చలో సగమైనా దాన్ని ఎన్ని గంటలు కప్పి ఉంచుతున్నామన్నదాని గురించి జరిగితే బాగుంటుంది.

రెండో చిక్కు ఆకుకూ మొక్కకూ మధ్య ఉన్న తేడా. లిల్లీ కాండం మీద ఆకులు కింది నుంచి పై వరకు దగ్గరదగ్గరగా, చాలా రకాల్లో మెట్లుమెట్లుగా చుట్టూ తిరుగుతూ ఉంటాయి. పై ఆకులు 800 దగ్గర సంతృప్తి పడినా, వాటి నీడలో ఉన్న కింది ఆకులకు అందేది అందులో కొంత భాగమే. పక్కపక్కనే నాటిన మడిలో ఈ తేడా ఇంకా పెద్దది. కాబట్టి పరికరంతో ఒక ఆకును బిగించి కొలిచిన సంతృప్త స్థానం మొత్తం మొక్కకు వర్తించదు. మొక్క సంతృప్తి పడేది అంతకంటే చాలా ఎక్కువ వెలుతురు దగ్గర. ఇక్కడే చెదిరిన వెలుతురు విలువ తెలుస్తుంది. పల్చటి తెల్ల మేఘం గుండా గానీ, వెలుతురును చెదరగొట్టే తెల్లటి కప్పు గుండా గానీ వచ్చే కాంతి ఒకే దిక్కు నుంచి కాకుండా అన్ని వైపుల నుంచీ పడుతుంది కాబట్టి, పై ఆకులను మాడ్చకుండా కింది ఆకుల దాకా చేరుతుంది. నల్ల నెట్ వెలుతురును మింగేస్తుంది, తెల్లటి కప్పు దాన్ని పంచిపెడుతుంది. రెండింటి మీదా ఒకే శాతం రాసి ఉన్నా మొక్కకు అవి ఒకటి కావు.

మరి అసలు నీడ ఎందుకు? మిగులు వెలుతురు ఊరికే పోదు గనుక. పత్రహరితం పట్టుకున్న శక్తిని కర్బన స్థిరీకరణ వాడుకోలేనప్పుడు ఆ శక్తి హరితరేణువులో హానికరమైన ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తుంది. మొదటి దెబ్బ వెలుతురు శక్తిని పట్టి పనిలో పెట్టే రెండవ కాంతివ్యవస్థ అనే భాగంలోని డీ1 ప్రోటీన్‌కు తగులుతుంది. ఈ ప్రోటీన్ పగలంతా దెబ్బతింటూనే ఉంటుంది, ఆకు దాన్ని పగలంతా మరమ్మతు చేసుకుంటూనే ఉంటుంది. దెబ్బ వేగం మరమ్మతు వేగాన్ని మించినప్పుడే కాంతి నిరోధం, అంటే మిగులు వెలుతురు వల్ల ఆకు పని మందగించడం, మొదలవుతుంది. ఆకు దగ్గర ఒక రక్షణ ఉపాయం కూడా ఉంది. మిగులు వెలుతురులో వయోలాజాంథిన్ అనే పసుపు వర్ణకం జియాజాంథిన్‌గా మారి, అదనపు శక్తిని వేడిగా వెళ్లగొట్టడానికి తోడ్పడుతుంది. ఆకును కాసేపు చీకటిలో ఉంచి దాని ప్రతిదీప్తిని, అంటే వెలుతురు తగిలినప్పుడు పత్రహరితం తిరిగి వెదజల్లే మందమైన కాంతిని, కొలిచినప్పుడు ఆరోగ్యంగా ఉన్న ఆకులో రెండవ కాంతివ్యవస్థ గరిష్ఠ సామర్థ్యం 0.83 దగ్గర ఉంటుంది. ఎండ దెబ్బ తిన్న ఆకులో అది కిందికి జారుతుంది. ఆకు పాలిపోవడం కంటికి కనిపించకముందే ఈ అంకె తగ్గుతుంది కాబట్టి, పరిశోధకులు నీడ అవసరమా కాదా అని తేల్చడానికి తరచుగా దీన్నే చూస్తారు.

దీనికి వేడి తోడైతే నష్టం రెట్టింపవుతుంది. లిల్లీ పుట్టుకతోనే చల్లదనం ఎరిగిన మొక్క. ఆకు వేడెక్కినప్పుడు, కర్బనాన్ని పట్టుకోవలసిన రుబిస్కో అనే ఎంజైమ్ పొరపాటున ఆక్సిజన్‌ను పట్టుకోవడం ఎక్కువవుతుంది. కాంతి శ్వాసక్రియ అనే ఈ మళ్లింపులో కష్టపడి కట్టిన కర్బనంలో కొంత తిరిగి గాలిలోకి పోతుంది. పొడి గాలి, వేడి కలిసినప్పుడు నీటిని కాపాడుకోవడానికి పత్రరంధ్రాలు మూసుకుంటాయి, దాంతో లోపలికి వచ్చే బొగ్గుపులుసు వాయువే తగ్గిపోతుంది. అందువల్ల ఎండ మండే రోజుల్లో ఆకు పని ఉదయం పెరిగి, మధ్యాహ్నం కుంగి, సాయంత్రం కొద్దిగా లేస్తుంది. ఇలాంటి రోజుల్లో తగుమాత్రపు నీడ కింద ఉన్న మొక్క ఆరుబయట ఉన్నదానికంటే రోజు మొత్తం మీద ఎక్కువ సంపాదించగలదు. వెలుతురు తగ్గించి ఆదాయం పెంచడం వినడానికి విడ్డూరంగా ఉన్నా, ఇక్కడ నీడ పెంచుతున్నది వెలుతురు వాటాను కాదు, ఆకు తెరిచి పనిచేసే గంటలను. చల్లటి ప్రాంతంలో, మబ్బులు ఎక్కువగా ఉండే కాలంలో ఇదే నీడ శుద్ధ నష్టం. ఒకచోట పనిచేసిన నెట్ శాతాన్ని మరోచోటికి మోసుకుపోకూడదని చెప్పడానికి ఇంతకంటే బలమైన కారణం లేదు.

నీడలో విచ్చుకున్న ఆకు నిర్మాణంలోనే వేరుగా ఉంటుంది. అది వెడల్పుగా, పల్చగా ఉంటుంది. పైపొర కింద నిలువుగా పేర్చినట్టుండే స్తంభ కణజాలం పొట్టిదై, వరుసలు తగ్గుతాయి. వెలుతురును పోగుచేసే వర్ణక సముదాయాలు పెరుగుతాయి. వాటిలో పత్రహరితం బీ ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఏ, బీ పత్రహరితాల నిష్పత్తి తగ్గుతుంది. రుబిస్కో తగ్గుతుంది, శ్వాసక్రియ తగ్గుతుంది, దాంతో పరిహార స్థానం కూడా దిగివస్తుంది. ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆకు తన పెట్టుబడిని కర్బనం కట్టే యంత్రాల నుంచి తీసి వెలుతురు పట్టే వలల్లో పెడుతుంది. నీడలో ఆకు ముదురు పచ్చగా కనిపించడానికి కారణం ఇదే. ఆ రంగు సమృద్ధికి గుర్తు కాదు, వెలుతురు కోసం పడుతున్న పాటుకు గుర్తు. తక్కువ వెలుతురులో ఇలాంటి ఆకు ఎండ ఆకు కంటే పొదుపుగా బతుకుతుంది గానీ, దాని గరిష్ఠ సామర్థ్యం తగ్గిపోయి ఉంటుంది. మరో సంగతి మరవకూడదు. పూర్తిగా విచ్చుకున్న ఆకు తన రసాయనాన్ని కొంత సర్దుకోగలదు గానీ మందాన్ని మార్చుకోలేదు. లిల్లీ కాండం ఒక సీజన్‌లో ఒక్కసారే ఆకులు వేస్తుంది, మొగ్గలు కనిపించాక కొత్త ఆకులు రావు. కాబట్టి నీడలో పెరిగిన మొక్కను పూత దశలో హఠాత్తుగా ఎండలోకి మారిస్తే, మాడిన ఆకుల స్థానంలో మరొకటి వచ్చే అవకాశం ఆ ఏడాదికి ఉండదు.

ఇప్పటిదాకా నీడ అంటే తగ్గిన వెలుతురు అన్నట్టు మాట్లాడాం. కానీ చెట్టు నీడ, నెట్ నీడ ఒకటి కావు. చెట్టు ఆకు ఎరుపు, నీలం కాంతులను పీల్చుకుని, మన కంటికి దాదాపు కనిపించని దూర ఎరుపు కాంతిని కిందికి వదిలేస్తుంది. ఆరుబయట ఎరుపు, దూర ఎరుపు కాంతుల నిష్పత్తి సుమారు 1.2 ఉంటే, దట్టమైన ఆకుల కింద అది 0.2 దాకా పడిపోగలదు. ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఈ నిష్పత్తిని చదువుతుంది. ఎరుపు కాంతి దాన్ని చురుకైన రూపంలోకి, దూర ఎరుపు కాంతి చురుకులేని రూపంలోకి నెడుతుంది. దూర ఎరుపు వాటా పెరిగితే పక్కన పోటీదారులున్నారని మొక్కకు తెలిసిపోతుంది. కాండాన్ని అదుపులో ఉంచిన పట్టు సడలి, ఆక్సిన్, జిబ్బరెల్లిన్ హార్మోన్ల ప్రభావంతో కణుపుల మధ్య దూరం సాగుతుంది. మామూలు నల్ల నెట్ అన్ని రంగులనూ దాదాపు సమానంగా తగ్గిస్తుంది కాబట్టి ఈ సంకేతం బలంగా అందదు. దాని కింద సాగుదల ఉన్నా, అది ప్రధానంగా వెలుతురు పరిమాణం, ముఖ్యంగా నీలి కాంతి తగ్గినందువల్ల వచ్చేది. అదే 50 శాతం వెలుతురు చెట్టు కింద దొరికితే కాండం ఇంకా ఎక్కువ సాగుతుంది, వెలుతురు వచ్చే వైపుకు వంగుతుంది, పూల బరువుకు ఒరిగిపోతుంది. దీనికి తోడు చెట్టు వేళ్లు నీటినీ పోషకాలనూ పంచుకుంటాయి. చెట్టు కింద లిల్లీ బాగా రాలేదంటే ఆ తప్పు మొత్తం వెలుతురుదేనని తీర్మానించడం తొందరపాటు.

కోసిన పూలు అమ్మేవారికి పొడవైన కాడ కావాలి కాబట్టి వారు కొంత నీడను కావాలనే వాడతారు. కుండీల్లో పెంచేవారికి పొట్టి మొక్క కావాలి కాబట్టి అదే సాగుదల వారికి తలనొప్పి, దాన్ని అణచడానికి జిబ్బరెల్లిన్ తయారీని అడ్డుకునే పాక్లోబ్యూట్రజాల్ వంటివి వాడతారు. ఇక్కడ ఉష్ణోగ్రత పాత్ర కూడా కలుస్తుంది. లిల్లీ కాండం పొడవు పగటి, రాత్రి ఉష్ణోగ్రతల తేడాను బట్టి మారుతుందని 1980లలో మిచిగాన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈస్టర్ లిల్లీ మీద చూపించారు. పగలు రాత్రి కంటే ఎంత వెచ్చగా ఉంటే కాండం అంత సాగుతుంది. నెట్ పగటి వేడిని తగ్గిస్తుంది కాబట్టి ఆ మేరకు సాగుదలను తగ్గించే వైపు లాగుతుంది, వెలుతురు తగ్గుదల పెంచే వైపు లాగుతుంది. ఒకే నెట్ కింద ఒకరి మొక్కలు సాగిపోయి మరొకరివి పెద్దగా సాగకపోవడానికి ఈ లాగులాటే చాలాసార్లు కారణం.

ఇక అసలు లెక్కంతా ఉన్న చోటికి, గడ్డ దగ్గరికి వద్దాం. నాటే ముందు ఒక లిల్లీ గడ్డను అడ్డంగా కోసి చూస్తే, తెల్లటి దళసరి పొలుసులు ఒకదానిపై ఒకటి ఒదిగి, నడుమ మొలక మొనను కాపాడుతూ కనిపిస్తాయి. కోసిన ముఖం మీద ఒక చుక్క అయోడిన్ వేస్తే క్షణాల్లో నీలి నలుపు పరుచుకుంటుంది. అదంతా కిందటి ఏడాది ఆకులు పంపిన పిండిపదార్థం. ఈ ఏడాది మొలక పైకి లేచి, వేళ్లు వేసి, ఆకులు విచ్చుకునే దాకా తిండి పెట్టేది ఆ నిల్వే. అందుకే మొదట్లో కొన్ని వారాలపాటు గడ్డ బరువు తగ్గుతూ పోతుంది. ఎన్ని మొగ్గలు రావాలన్నది కూడా గడ్డ పరిమాణం, దానికి దొరికిన చల్లదనం, మొలకెత్తిన తొలి రోజుల పరిస్థితి కలిసి ముందే చాలావరకు నిర్ణయిస్తాయి. నీడలో నాటిన మొదటి ఏడాది పూలు బాగానే రావడంలో వింతేమీ లేదు. ఆ పూలు కిందటి ఏడాది ఎండవి. ఈ ఏడాది నీడ ఫలితం పాత పొలుసుల నడుమ తయారవుతున్న కొత్త గడ్డలో పడుతుంది, అది పై ఏడాది గానీ బయటపడదు. ఒక సీజన్ పూలు చూసి నీడ ప్రయోగం ఫలించిందని చెప్పేవారి మాటను నేను ఒప్పుకోలేకపోవడానికి కారణం ఇదే.

అదే సీజన్‌లో నీడ తన ఉనికిని చూపించే సందర్భం ఒకటుంది, అది మొగ్గ రాలడం. మొగ్గ ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవున ఉన్నప్పుడు జాగ్రత్తగా చూస్తే, ఆరోగ్యంగా ఉన్నది గట్టిగా, పచ్చగా ఉంటుంది. వెలుతురు చాలని మొగ్గ ముందు పాలిపోయి లేతాకుపచ్చకు తిరుగుతుంది, దాని కాడ కాండానికి కలిసే చోట సన్నగా నొక్కుకుపోతుంది, రెండు మూడు రోజుల తర్వాత వేలు తగిలితే చాలు ఊడి చేతికొస్తుంది. ఇంకొన్ని రాలకుండా అక్కడే ఎండిపోయి కాగితంలా మిగులుతాయి. దీని వెనక ఉన్నది పంపకం తగాదా. వెలుతురు పుష్కలంగా ఉంటే మొగ్గా గడ్డా రెండూ చక్కెర అందుకుంటాయి. కరువొస్తే ఆ దశలో చిన్న మొగ్గలు పోటీలో బలహీనమవుతాయి, చక్కెర కిందికి పోతుంది. ఆకలితో ఉన్న మొగ్గలో ఇథిలీన్ పెరిగి, కాడ మొదట్లో తెగుడు పొరను సిద్ధం చేస్తుంది. నెదర్లాండ్స్‌లో 1970లు, 80లలో ‘ఎన్‌చాంట్‌మెంట్’ అనే రకం మీద జరిగిన ప్రయోగాలు వెలుతురుకూ మొగ్గ రాలడానికీ ఉన్న సంబంధాన్ని స్పష్టంగా చూపాయి. ఇథిలీన్ పనిని అడ్డుకునే సిల్వర్ థయోసల్ఫేట్ ఇస్తే తక్కువ వెలుతురులోనూ రాలడం తగ్గుతుందని ఆ కాలపు పరిశోధనల్లోనే తేలింది. మొగ్గలు ఈ చిన్న దశలో ఉన్న వారాల్లో నెట్ తీసి ఉంచగలిగితే, మిగతా కాలమంతా చేసే సర్దుబాట్ల కంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

అన్ని లిల్లీలూ ఒకేలా బాధపడవు. ఆసియాటిక్ సంకరాల్లో మొగ్గ రాలడం ఎక్కువ, వాటికి వెలుతురు లోటు తట్టుకునే శక్తి తక్కువ. ఓరియంటల్ సంకరాలు, ఈస్టర్ లిల్లీ అనే లాంగిఫ్లోరమ్ ఈ విషయంలో కొంత గట్టివి. ఓరియంటల్ సంకరాలకు మూలమైన ఆరేటమ్, స్పెసియోసమ్ జాతులు జపాన్‌కు చెందినవి, అడవి అంచుల్లో, పొదల మధ్య పెరిగినవి. వాటి సంతతి నీరెండను ఇష్టపడి, మధ్యాహ్నపు తీక్షణతకు త్వరగా వాడిపోవడం సహజమే. ఐరోపా నుంచి ఆసియా దాకా అడవుల్లో కనిపించే మార్టగన్ లిల్లీ నీడను తట్టుకోవడంలో ముందుంటుంది, అయితే దాని ఎదుగుదల నెమ్మది. మరో కొసన క్యాండిడమ్ అనే తెల్ల లిల్లీ ఉంది. మధ్యధరా ప్రాంతపు రాతి వాలుల మొక్క అది, శరదృతువులోనే నేలకంటిన ఆకుల చుట్టు వేసి చలికాలపు ఎండను కూడా వదలదు. దీన్ని నీడలో పెట్టి పూల కోసం ఎదురుచూడటం వృథా. లిల్లీకి ఇంత శాతం నీడ కావాలని రకం పేరు చెప్పకుండా ఎవరైనా అంకె ఇస్తే, ఆ అంకెను పక్కన పెట్టడమే మేలు.

నీడ వల్ల పక్కదారిలో వచ్చే మార్పులు మరికొన్ని ఉన్నాయి. నీడలో రాత్రి మంచు ఆలస్యంగా ఆరుతుంది. లిల్లీ ఆకులపై మచ్చలు తెచ్చే బోట్రైటిస్ బూజుకు కావలసింది గంటల తరబడి తడిసి ఉండే ఆకే. కాబట్టి నీడ తప్పనిసరైన చోట పొద్దుటి ఎండ తగిలేలా, మధ్యాహ్నపు ఎండ తగలకుండా చూడటం ఆకు ఆదాయానికీ ఆరోగ్యానికీ కలిసొస్తుంది. పూల రంగు విషయంలో వేడి, వెలుతురు రెండూ లెక్కకొస్తాయి. గులాబీ, ఎరుపు రకాల్లో రంగు తెచ్చే ఆంథోసయనిన్ వేడి ఎక్కువైనా, వెలుతురు మరీ తక్కువైనా పలచబడుతుంది. విచ్చుకున్న పువ్వు మీద మాత్రం మధ్యాహ్నం కొంత నీడ ఉంటే రేకు వెలవకుండా ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఆకు మాడిన ప్రతిసారీ ఎండనే నిందించడం కూడా సరికాదు. ‘స్టార్‌గేజర్’ వంటి ఓరియంటల్ రకాల్లో మొగ్గల దగ్గరి లేత ఆకులు మాడటానికి మూలం కాల్షియం లోటు. ఒకదానిలో ఒకటి చుట్టుకుని ఉన్న లేత ఆకుల నుంచి నీరు ఆవిరవడం చాలా తక్కువ కాబట్టి, నీటితోపాటు చేరవలసిన కాల్షియం వాటికి చాలినంతగా చేరదు. ఎండకు మాడిన ఆకు ఎండ తగిలిన ముఖం మీద పాలిపోయి కాగితంలా అవుతుంది. కాల్షియం లోటు ఉన్న ఆకు ఇంకా పూర్తిగా విచ్చుకోకముందే మాడుతుంది, వంకర తిరుగుతుంది. మొదటిదానికి నీడ మందు. రెండోదానికి అదనపు నీడ వేసి చెమ్మ పెంచితే జబ్బు ముదురుతుంది.

ఇవన్నీ తెలిసినా వెలుతురు ఎంతుందో కంటితో చెప్పడం కష్టం, ఎందుకంటే మన కన్ను చీకటికి తగ్గట్టు సర్దుకుని మనల్ని మోసం చేస్తుంది. బాగా వెలుగున్న గదిలో 500 లక్స్ ఉంటుంది. ఆరుబయట ఎండలో అది లక్ష దాకా వెళ్తుంది. అంటే రెండు వందల రెట్ల తేడా ఉన్నా కన్ను దాన్ని రెండు మూడు రెట్లుగానే మనకు చూపిస్తుంది. 500 లక్స్ అంటే మొక్క కొలతలో సుమారు 7 నుంచి 10 మైక్రోమోళ్లు. ఆ వెలుతురులో లిల్లీ ఆకు తన ఖర్చు పూడ్చుకోవడమే కష్టం. పూసిన కుండీని గదిలో అలంకారంగా పెట్టుకోవచ్చు, కానీ అక్కడ అది నిల్వ తిని బతుకుతోందని గుర్తుంచుకోవాలి. పరికరం లేనివారు మిట్టమధ్యాహ్నం మొక్కకు ఒక అడుగు ఎత్తున అరచేయి చాచి చూడవచ్చు. వేళ్లు విడివిడిగా, అంచులు పదునుగా కనిపించే నీడ పడితే వెలుతురు పుష్కలంగా ఉంది. చేయి ఆకారం తెలుస్తూ అంచులు మసకబారితే తగుమాత్రంగా ఉంది. చేయి నీడే పడకపోతే అక్కడ లిల్లీ గడ్డ ఏడాదికేడాది చిక్కిపోతుంది. కన్ను వెలుతురును కొలవలేకపోయినా నీడ అంచును మాత్రం తప్పు లేకుండా చూస్తుంది. మొక్కల పెంపకందారులు చెప్పే తల ఎండలో, పాదాలు నీడలో అన్న సూత్రం కూడా ఇక్కడ పనికొస్తుంది. కాండం మొదట్లో ఎండుటాకులు పరిచి గానీ, పొట్టి మొక్కలు నాటి గానీ నేలను చల్లగా ఉంచితే, ఆకుల వెలుతురును తగ్గించకుండానే నీడ ఇచ్చే మేలులో ఒక భాగం దక్కుతుంది.

పూలు రాలిన తర్వాత మొక్క మీద ఎవరికీ ధ్యాస ఉండదు, కానీ గడ్డ నిండేది ఆ వారాల్లోనే. పూల కోసం, విత్తనం కోసం పోటీ తగ్గిపోయి ఆకుల ఆదాయంలో పెద్ద వాటా కిందికి దిగుతుంది. వాడిన పూలను మాత్రం తుంచి, కాండాన్నీ ఆకులనూ పసుపు తిరిగి ఎండేదాకా ఉంచాలి. పువ్వు కోసేవారు కాండంలో కనీసం మూడో వంతు ఆకులతో వదలాలి. ఎండ తీవ్రత తగ్గి ఉంటే నెట్ పూర్తిగా తీసేయవచ్చు. పూల అందం కాపాడటానికి కప్పిన నీడను పూలు పోయాక కూడా కొనసాగించడం చాలా తోటల్లో జరిగే పొరపాటు. నాటే రోజున ప్రతి గడ్డనూ తూచి, ఆ బరువును పేరు చీటీ మీద రాసి, ఆకులు ఎండాక కొన్నింటిని తవ్వి, మన్ను కడిగి, మళ్లీ తూచి చూడండి. బరువు పెరిగితే అక్కడి నీడ ఆ రకానికి సరిపోయింది. తగ్గితే, కాండం ఎంత పొడుగు పెరిగినా, ఆకు ఎంత పచ్చగా ఉన్నా, వచ్చే ఏడాది ఆ గడ్డను మరింత వెలుతురున్న చోట నాటాలి.